కుండలో వచ్చినవి

కళింగపట్నం,
8 నవంబరు 2015

తాయారప్పకి,

తమ్ముడు భాస్కర్ రాస్తున్నాను. చింపెయ్యకుండా ఇంతవరకు చదివావంటే నాకు సగం భయం తీరినట్టే.

ఫోన్ చెయ్యొద్దన్నావు. నా గొంతూ మన ఆఖరివాడు శివాజీ గొంతూ ఒకటేనని, ఫోన్లో నేను "అప్పా" అంటే వాడే పిలిచినట్టుంటుందని అన్నావు. నువ్వు కబురు చేసేదాకా నీ గుమ్మం తొక్కొద్దని కూడా అన్నావు. పదిహేను నెలలుగా రెండు మాటలకీ కట్టుబడి ఉన్నాను. ఉత్తరం రాయొద్దని మాత్రం అనలేదు. కాగితానికి గొంతుండదు కదా.

కొల్లేటి వైపు చేపల చెరువుల పనికి మళ్ళీ పోలేదు. ఇక పోను. ఎల్లాజీ మావ తన పడవలో నాకు చోటిచ్చాడు. సముద్రం మీద ఉన్నంతసేపు బాగానే ఉంటాను. ఒడ్డుకొస్తేనే తోచదు. నీ మరదలు గౌరి నెత్తళ్ళ చేపలు ఎండబెట్టి నీకోసం ఒక సంచి కట్టింది. మావ రేపు ఆమదాలవలసలో రైలెక్కి మీవైపే వస్తున్నాడు, ఈ ఉత్తరమూ ఆ సంచీ అతనే ఇస్తాడు.

అమ్మ పోయాక శివాజీని చంకనేసుకుని పెంచినదానివి. వాణ్ణి పనికని తీసుకెళ్ళింది నేను. అక్కడి చెరువులో మునిగిపోతే అక్కడే దహనం చేసి, ఒట్టి చేతులతో వచ్చి నీ ముందు నిలబడ్డదీ నేనే. ఇరవై రెండేళ్ళ పిల్లాడి ఆఖరి చూపు నీకు లేకుండా చేశాను. నన్ను తిట్టాలని ఉంటే తిట్టు. తిట్లు రాసి పంపినా దాచుకుంటాను.

నీ తమ్ముడు
భాస్కర్

*

తుంగవలస,
నెల్లిమర్ల దగ్గర,
26 నవంబరు 2015

భాస్కరా,

నెత్తళ్ళు అందాయి. ఉప్పు ఎక్కువైంది. గౌరికి చెప్పు, ఉప్పు తక్కువేసి ఇంకో ఎండ ఎక్కువ పెట్టమని.

తిట్లు నా దగ్గర అయిపోయాయి. ఇక్కడ సంగతులు రాస్తాను. మీ బావ పోయాక చెరువు సంఘంలో ఆయన వాటా నా పేరు మీదకు వచ్చింది. తుంగచెరువు మా ముప్ఫై ఇళ్ళదీ. ఇప్పుడు సంఘానికి పెద్ద మా మరిది దాలయ్య. ఈ ఏడు వలల్లో పరిగెలు పడటం లేదని, కొర్రమీను పిల్ల కంటికి కనబడటం లేదని రోజూ నా వాకిట్లో కూర్చుని గొణుగుతాడు. కొంగలు కూడా తగ్గాయి. సాయంత్రమైతే చెరువు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. కప్పలు అరవవు. ఇన్నేళ్ళలో కప్పలు అరవని వానాకాలం నేను చూడలేదు.

మొన్న మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లారి తలుపు తీస్తే గడప ముందు బురదలో మూరెడు చేప. చెరువుగట్టుకీ నా గుమ్మానికీ యాభై అడుగులైనా ఉంటుంది. అంత దూరం నేల మీద పాక్కుంటూ వచ్చింది. మీసాలున్నాయి. మన మార్పు చేపలాగే ఉంది కానీ మార్పుకి అంత తల ఉండదు. చాలాసేపైనా బతికే ఉంది. నన్నే చూస్తున్నట్టుంది.

చంపాలనిపించలేదు. కొంగులో వేసుకుని తీసుకెళ్ళి నీళ్ళలో వదిలాను. ఊళ్ళో ఇన్ని గుమ్మాలుండగా నా గుమ్మానికే ఎందుకొచ్చిందో నువ్వే ఆలోచించు.

తాయారు

*

కళింగపట్నం,
12 డిసెంబరు 2015

అప్పా,

నీ ఉత్తరం చదివాక అన్నం ముట్టుకోలేకపోయాను. గౌరి భయపడింది.

ఒంటి మీద పొలుసు లేకుండా, నల్లగా, పొట్ట కింద తెల్లగా ఉందా? మీసాలు నాలుగు జతలా? అయితే అది క్యాట్‌ఫిష్. ఎక్కడో ఆఫ్రికా నీళ్ళది. పెంచకూడదని ప్రభుత్వం నిషేధించినా చాటుగా పెంచుతారు. నేనూ శివాజీ పనిచేసింది అలాంటి చెరువులోనే. అది దొంగ చెరువని నీకు అప్పుడు చెప్పలేదు.

ఆ చేప చేరిన నీళ్ళలో ఇంకోటి మిగలదు. గుడ్లూ పిల్లలూ కప్పలూ దేన్నీ వదలదు. మీ కప్పలు అందుకే అరవడం లేదు. వాన పడితే నేల మీద పాకి పక్క గుంటలోకి పోతుంది. నీళ్ళు తగ్గితే బురదలో దూరి నెలల తరబడి ఉంటుంది. నీ గుమ్మానికి వచ్చింది నీకోసం కాదప్పా, దారి వెతుక్కుంటూ వచ్చింది.

వచ్చే వానల్లో మీ చెరువు నిండి అలుగు పారిందంటే గెడ్డ వాగులో పడి చంపావతి ఏట్లోకి పోతాయి. ఏట్లో పడ్డాక ఇక పట్టేవాడు లేడు. దాలయ్య బావకి చెప్పు. ఈ ఎండల్లోనే చెరువు అడుగు కనబడేలా ఎండగట్టాలి. ఎప్పటిలా మదుం తలుపు ఎత్తి నీళ్ళు వదలొద్దు, పిల్లలన్నీ కాలవలోకి పోతాయి. ఇంజన్లు పెట్టి, గొట్టం మూతికి దోమతెర కట్టి పొలాల్లోకి తోడాలి. దొరికినవాటిని గోతిలో సున్నం వేసి పూడ్చాలి. మీ వలలు పక్క ఊరివాళ్ళు అడిగితే వారం పాటు ఎండలో ఆరబెట్టకుండా ఇవ్వొద్దు. తడి వలలో గుడ్లు అంటుకుని పోతాయి.

అవి మీ చెరువులోకి ఎలా వచ్చాయి? అటువైపు నుంచి ఎవరైనా తెచ్చి వేశారా? కనుక్కో.

భాస్కర్

*

తుంగవలస,
30 జనవరి 2016

భాస్కరా,

పెద్ద ఆఫీసరు రాసినట్టు రాశావు. నీ తర్వాత నిజంగానే ఫిషరీస్ నుంచి పృథ్వీరాజ్ అనే ఆయన వచ్చి నువ్వు రాసిందే చెప్పి వెళ్ళాడు. దోమతెర సంగతితో సహా. మీ ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నారేమో.

ఎవరు వేశారో నాకేం తెలుసు? ఎవరో వేశారు. నీళ్ళకి తలుపులుంటాయా?

మా చెరువుకో కట్టుబాటు ఉంది, నీకు తెలిసినదే. నీళ్ళు తియ్యాలంటే ముప్ఫై ఇళ్ళవాళ్ళూ తలా గుప్పెడు గట్టు మట్టి తెచ్చి మదుం రాయి మీద పెట్టాలి. ఒక్క ఇంటి మట్టి లేకపోయినా ఎవరూ నీటి మీద చెయ్యి వెయ్యరు. పోయిన ఆదివారం ఇరవై తొమ్మిది గుప్పెళ్ళు పడ్డాయి. నేను పెట్టలేదు.

దాలయ్య అందరి ముందూ అడిగాడు. "వొదినా, సెరువు సచ్చిపోతన్నాది. పిల్లలకి పరిగి ముక్క నేదు. నువ్వొక్కదానివే అడ్డం పడతన్నావు. ఏటి నీ బాధ, సెప్పు."

చెరువు ఎండగడితే రెండేళ్ళు పూటెలా గడుస్తుందని అడిగాను. దాలయ్య తువ్వాలు దులుపుకుని లేచాడు. ఆడవాళ్ళు కూడా నా ముఖం చూడకుండా లేచి పోయారు. పక్కింటి మరిడమ్మ నీళ్ళు ముంచే చోట నాతో మాట్లాడటం మానేసింది. మానెయ్యనీ.

ఈ విషయం ఇక రాయకు. గౌరికి నెల తప్పిందని ఎల్లాజీ మావ చెప్పాడు. ఆ సంగతి రాయడం మానేసి చేపల సంగతి రాస్తావేం?

తాయారు

*

కళింగపట్నం,
21 ఫిబ్రవరి 2016

అప్పా,

గౌరి సంగతి రాయడానికి మొహం చెల్లలేదు. నీ ఇంట్లో దీపం ఆరాక నా ఇంట్లో వెలిగిందని ఎలా రాయను?

రాయకు అన్నావు కానీ ఈ ఒక్కసారికి రాస్తున్నాను. దాలయ్య బావ నాకు ఫోన్ చేశాడు. నువ్వు రోజూ సాయంత్రం గిన్నెలో అన్నం కలుపుకుని చెరువు మెట్ల దగ్గరికి వెళ్తావట. గిన్నె అంచు మెట్టు మీద కొట్టి పిలుస్తావట. ఆ చేపలు నల్లగా కాళ్ళ దగ్గరికి వచ్చేస్తాయట. అందులో ఒకటి నీ మోకాలి ఎత్తు పొడవుందట, అది నీ చేతిలోనే తింటుందట.

ఏమని పిలుస్తుందని అడిగాను. "ఆ మాట నా నోటితో సెప్పలేను రా," అని పెట్టేశాడు.

అక్కడ మేమూ మేత డ్రమ్ము అంచు మీద ఇనప ముక్కతో కొడితే చెరువంతా మా వైపు తిరిగేది. శివాజీకి ఆ పనంటే అసహ్యం. ఆ చేపలకు చప్పుడూ మేతా తప్ప మరోటి తెలియదు. నువ్వేమని పిలిచినా అవి వచ్చేది గిన్నె చప్పుడుకే.

నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు. దాచేవాళ్ళని నేను గుర్తుపట్టగలను, నేనూ ఆ బాపతే. మే నెల దాటితే వానలొస్తాయి. చెప్పు.

భాస్కర్

*

తుంగవలస,
19 మార్చి 2016

భాస్కరా,

చెబుతాను. విని నన్ను పిచ్చిదాన్నంటే అను.

నువ్వు ఒట్టి చేతులతో వచ్చావు. మనిషి లేడు, బూడిద కూడా లేదు, కాలవలో కలిపేశానన్నావు. నేను దేన్ని పట్టుకుని ఏడవాలి? మన చిన్నతల్లి అత్త నా పక్కన కూర్చుని చెప్పింది. నీళ్ళలో పోయినవాడు ఆ నీళ్ళలోనే దారి తెలియక తిరుగుతుంటాడని, పదకొండో రోజున సొంతవాళ్ళు వెళ్ళి కుండలోకి పిలుచుకుని వచ్చి ఇంటి నీళ్ళలో కలిపితే శాంతిస్తాడని. వాళ్ళ అమ్మ వైపు వాళ్ళు అలాగే చేసేవారట.

నీకు చెప్పకుండా ఇద్దరం వెళ్ళాం. నువ్వు చెప్పిన ఊరి పేరు పట్టుకుని రైలెక్కాం. చెరువు కాపలావాడు ముందు కసిరాడు, తర్వాత నా ఏడుపు చూసి పక్కకి తిరిగి నిలబడ్డాడు. నేను కొత్తకుండ ముంచి "శివాజీ, ఇంటికి పోదాం రా" అన్నాను. కుండలోకి నీళ్ళతో పాటు వేలెడు చేపపిల్లలు నాలుగో ఐదో వచ్చాయి. వాటిని పారబొయ్యబోతే అత్త చెయ్యి పట్టుకుంది.

"కుండలోకి ఏటొస్తే అది ఆడితో వొచ్చిందేనే. తియ్యకూడదు. ఎనక్కి సూడకూడదు."

నేను వెనక్కి చూడలేదు. రైల్లో రాత్రంతా కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోపల అవి తిరుగుతుంటే కుండ గోడ నా పొట్టకి తగిలేది. వాడు చిన్నప్పుడు జ్వరమొచ్చి నా ఒళ్ళో పడుకుని అటూ ఇటూ పొర్లినట్టే ఉంది. తెల్లారి తుంగచెరువులో నీళ్ళు వదిలి కుండ ముంచేశాను. ఆ రోజు మొదటిసారి నిద్రపోయాను.

ఏడాది తర్వాత ముసురులో అది నా గుమ్మానికి వచ్చింది. నువ్వు దారి వెతుక్కుంటూ వచ్చిందన్నావు. నేనూ అదే అనుకున్నాను. వాడికి దారి తెలిసిందనుకున్నాను.

చెరువు చచ్చిపోతోందని నాకు తెలియదనుకున్నావా? పరిగెలు లేవని, కప్పలు లేవని అందరికంటే ముందు చూసింది నేనే. కానీ చెరువు ఎండగట్టి, ఆ బురదలో వాణ్ణి కర్రలతో కొట్టి గోతిలో వెయ్యమని నా చేత్తో మట్టి పెట్టమంటున్నారు. నేను ఒకసారి వాణ్ణి పంపించినదాన్ని. రెండోసారి పంపలేను.

తాయారు

*

కళింగపట్నం,
10 ఏప్రిల్ 2016

అప్పా,

మూడు వారాలు ఆలోచించాను. నాలుగు కాగితాలు చింపాను. ఎల్లాజీ మావ "రాయకురా" అన్నాడు. గౌరి రాయమంది.

నువ్వు కుండ పట్టుకుని వెళ్ళడానికి కారణం నేను. నిజం చెప్పి ఉంటే నువ్వు ఆ నీళ్ళు ముట్టుకునేదానివి కాదు.

శివాజీ సాయంత్రం వల లాగుతూ జారాడు. వల తాడు కాలికి చుట్టుకుంది. నేనా రోజు లోడు లారీతో వెళ్ళాను. వాడు లేడని ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు ఉదయం నేను తిరిగొచ్చాకే వెతికారు. నీళ్ళలో నాని ఉబ్బిపోయాడు, అందుకే తేలేకపోయానని నీతో చెప్పాను. అది అబద్ధం.

ఆ చెరువులో మేత అంటే ఏంటో నీకు చెప్పలేదు. కోళ్ళ దుకాణాల్లో పారేసే పేగులూ మాంసమూ. ఆ చేపలు మాంసం మీద పెరిగినవి. వాడు రెండు రాత్రులు వాటి మధ్య ఉన్నాడు. నువ్వు కట్టిన మొలతాడు చూసి, దానికున్న రాగి తాయెత్తు చూసి మన శివాజీ అని చెప్పగలిగాను. ముఖం చూసి కాదు. ఇంతకంటే రాయలేను. రాయించకు.

నీకు ఆ రూపం చూపించకూడదనుకున్నాను. వాడు నీ కళ్ళల్లో నవ్వుతూనే ఉండాలనుకున్నాను. దాని ఫలితం ఇలా అవుతుందనుకోలేదు. నువ్వు కుండలో తెచ్చింది వాణ్ణి కాదప్పా. వాణ్ణి తిన్నవాటి పిల్లల్ని.

ఈ ఉత్తరం చదివి నువ్వేమైపోతావోనని భయంగా ఉంది. అయినా పోస్టు చేస్తున్నాను. తాయెత్తు నా దగ్గరే ఉంది. ఇవ్వమంటే ఇస్తాను.

భాస్కర్

*

తుంగవలస,
2 మే 2016

భాస్కరా,

నీ ఉత్తరం అందింది. పది రోజులు చెరువు వైపు వెళ్ళలేదు. చెరువు నీళ్ళతో వండుకున్న అన్నం తినలేకపోయాను. బావి నీళ్ళు మోసుకొచ్చుకున్నాను.

ఈ ఉదయం మదుం రాయి మీద గుప్పెడు మట్టి పెట్టాను. నువ్వు ఇప్పుడేమీ రాయకు.

తాయారు

*

తుంగవలస,
14 జూన్ 2016

భాస్కరా,

అయిపోయింది. అందుకే రాస్తున్నాను.

ఇంజన్లు పదకొండు రోజులు ఆడాయి. దోమతెర పూటపూటకీ మూసుకుపోయేది, ఆడవాళ్ళం వంతులేసుకుని దులిపేవాళ్ళం. దులిపిన ప్రతిదాన్నీ సున్నం గోతిలో వేశాం. నీళ్ళు తగ్గేకొద్దీ అవి ఒకదాని మీద ఒకటి పొర్లుతూ బయటపడ్డాయి. అంత చెరువులో మన చేపలంటే మట్టగిడసలు పన్నెండే మిగిలాయి. మరిడమ్మ వాటిని తొట్టిలో వేసి కాపలా కూర్చుంది. వానలొచ్చాక మళ్ళీ వేస్తామంది. నాతో మాట్లాడింది.

నాలుగైదు రోజులు కర్రలతో బురదంతా కలియతొక్కారు. మెట్ల కింద లోతు గుంట ఒకటి మిగిలింది. ఆ పెద్దది అందులోనే ఉందని అందరికీ తెలుసు, వలకి మాత్రం దొరకలేదు. బురద అడుగుకి దిగిపోయేది. ఆడదో మగదో తెలియదు కానీ కడుపు నిండా గుడ్లున్నదొక్కటి మిగిలినా పడిన కష్టమంతా వృథా అని పృథ్వీరాజ్ గారు చెప్పారు. అటు ఆకాశం నల్లబడుతోంది. దాలయ్య నా వాకిట్లోకి వచ్చి, కూర్చోకుండా నిలబడే అన్నాడు. "వొదినా, అది నీకే వొస్తాది. నిన్నడగడానికి నాకు నోరు రావట్లేదు."

తెల్లవారాక గిన్నె పట్టుకుని వెళ్ళాను. మగవాళ్ళు గట్టు మీదే ఆగిపోయారు. నేను ఆఖరి మెట్టు మీద కూర్చున్నాను. గిన్నె కొట్టలేదు. ముందు పేరు పెట్టి పిలిచాను. "శివాజీ" అన్నాను. నీళ్ళు కదల్లేదు. మళ్ళీ పిలిచాను. వాడు చిన్నప్పుడు ఆటల్లోంచి రాకపోతే ఎలా పిలిచేదాన్నో అలా, కోపంగా, మెత్తగా, బతిమాలుతూ పిలిచాను. చాలాసేపు పిలిచాను. ఏమీ రాలేదు.

తర్వాత గిన్నె అంచు మెట్టు మీద కొట్టాను. ఒక్కసారే.

వచ్చింది. నా చేతి కిందికి వచ్చి నోరు తెరిచింది. ఇదీ మిగతావాటిలాంటిదే కదా అనిపించింది నాకు. నువ్వు రాసిందే నిజం. ఇన్నాళ్ళూ పేరూ చప్పుడూ కలిపి పిలిచాను కాబట్టి నాకు తేడా తెలియలేదు.

నేనే పట్టాను. రెండు చేతులూ దాని మొప్పల కింద పెట్టి ఒళ్ళోకి లాక్కున్నాను. దాలయ్య కర్ర తీసుకుని పరుగున వచ్చాడు. వద్దన్నాను. అది గాలిలో చావడానికి ఎంతసేపు పడుతుందో నువ్వు చూసే ఉంటావు. పొద్దున్న పట్టినది మధ్యాహ్నం అన్నాల వేళ దాకా ఊపిరి తీస్తూనే ఉంది. గుర్రుమని చిన్న చప్పుడు చేసేది. ఎండలో కొంగు కప్పి కూర్చున్నాను. అది వాడు కాదని తెలిశాక కూడా లేవలేకపోయాను. నువ్వు నన్ను చూడనివ్వని చావు ఒకటి ఉంది కదా, దాని పక్కన కూర్చున్నట్టే కూర్చున్నాను. అది ఆగిపోయాక ఏడ్చాను. రెండేళ్ళ ఏడుపు. ఎవరూ నన్ను లేపలేదు.

గుంట అడుగున నేను ముంచిన కుండ దొరికింది. పగలకుండా అలాగే ఉంది. భుజాన పెట్టుకుని గట్టు మీదికి మోసుకెళ్ళి నేనే పగలగొట్టాను.

నిన్న మొదటి వాన పడింది. ఇంకో వారానికి చెరువులో నీళ్ళు చేరతాయి, పెద్ద వానలొస్తే అలుగు కూడా పారుతుంది. పారనీ. గెడ్డలోకి పోనీ, ఏట్లోకి పోనీ. అందులో మనవాడు లేడు. సాయంత్రమయ్యేసరికి చెయ్యి గిన్నె కోసం వెళ్తూనే ఉంది. ఆ పేరు నోటిదాకా వస్తోంది, మింగుతున్నాను. అది ఎప్పటికి పోతుందో తెలియదు.

తాయెత్తు ఉంచు. గౌరి బిడ్డకి కట్టకు, నీ దగ్గరే పెట్టుకో. నువ్వు చూసింది రెండేళ్ళు ఒక్కడివే మోశావు. వచ్చి నా ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పు. వింటాను.

వచ్చే ముందు ఫోన్ చెయ్యి. "అప్పా" అను. అది నీ గొంతేనని నాకు ఇప్పుడు తెలుస్తుంది.

తాయారు